ఏడు నోట్‌బుక్కులు, మరో నాలుగు

మా తెలుగు చర్చి సంఘంలో పిల్లల ముచ్చట్లకి ఒక వరస ఉంది. ముందు డాక్టర్లయినవాళ్ళు, తర్వాత సాఫ్ట్‌వేర్‌వాళ్ళు, ఆ తర్వాత లా చదివినవాళ్ళు. చివర్లో ఎవరో ఒకరు "మరి పర్సిస్?" అంటారు. అక్కడ అందరికీ ఒక్కసారిగా కాఫీ గుర్తొస్తుంది.

పర్సిస్ తప్పు చేసి కాదు. ఆ పిల్ల లాటిన్ చదివింది. తొమ్మిదో తరగతిలో ఏదో ఒక భాష తీసుకోవాలంటే మిగతా పిల్లలందరూ స్పానిష్ తీసుకున్నారు, ఈమె ఒక్కతే పోయి లాటిన్ క్లాసులో కూర్చుంది. ఏదో సరదాలే, పోతుందిలే అనుకున్నాం. పోలేదు. కాలేజీలో అదే, పీహెచ్‌డీలో అదే. లాటిన్ అంటే క్యాథలిక్కుల భాష, మేమేమో ప్రొటెస్టెంట్లం కదా, మా వాళ్ళకి ఇది మంచి వేళాకోళం అయిపోయింది. పోపుగారి ఆఫీసులో ఖాళీ ఉందట, అమ్మాయిని అప్లై చేయమను అని తండ్రి దేవకుమార్‌ని ఏడిపించేవాళ్ళు. దేవకుమార్ నవ్వి ఊరుకునేవాడు. షికాగో పక్కన మా నేపర్‌విల్‌లో పిల్లల చదువు గురించి ఎవరేమన్నా నవ్వి ఊరుకోగలిగిన తండ్రిని నేను ఆయనొక్కడినే చూశాను.

నా పేరు మణి. హాస్పిటల్ ల్యాబ్‌లో పని చేస్తాను. ముప్ఫై ఏళ్ళుగా దేవకుమార్ కుటుంబానికి మూడు వీధుల అవతల ఉంటున్నాను. సంఘంలో తెలుగు టైపింగ్ వచ్చినదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి ఆదివారం ఆరాధనలో పంచే కాగితం దగ్గర్నుంచి పెళ్ళిపిలుపు దాకా అన్నీ నా నెత్తిమీదే పడతాయి. ఈ కథలో నేను రావడానికి కూడా ఆ టైపింగే కారణం. రాకపోయి ఉంటే బావుండేదని ఇప్పుడు అనిపిస్తుంది.

పర్సిస్‌కి ఇప్పుడు ముప్ఫై మూడు. రోజూ రూట్ 59 స్టేషన్‌లో రైలెక్కి షికాగో వెళ్తుంది. అక్కడ పాత పుస్తకాలు దాచే ఒక లైబ్రరీలో కాంట్రాక్టు ఉద్యోగం. ఆ ఉద్యోగం ఏమిటో అర్థం చేసుకోవడానికి నాకు రెండేళ్ళు పట్టింది. రోమన్ల కాలంలో రాసినవాళ్ళ సొంత చేతిరాత ఈరోజు మనకి మిగల్లేదట. మిగిలినవన్నీ ఎవరో చూసి రాసుకున్న కాపీలు, ఆ కాపీలకి కాపీలు. ఎవరికీ రాయబుద్ధి కానిది పోయింది. అప్పట్లో కాగితం బదులు తోలు మీద రాసేవాళ్ళు, కొన్నిటిని మఠాల్లో సన్యాసులే గీకేసి ఆ తోలు మీద ఇంకోటి రాసుకున్నారు. కొన్నిటిని పట్టీలుగా కోసి కొత్త పుస్తకాల అట్టల లోపల అతికించారు. అలా అట్టల్లోంచి బయటపడిన పట్టీలు చూసి, అది ఏ కాలపు రాత, ఏ దేశపు రాత, ఎంతమంది రాశారు అని తేల్చి కార్డు రాయడం ఈమె పని.

ఒకసారి నన్ను తీసుకెళ్ళి చూపించింది. రెండు వేళ్ళ వెడల్పున్న తోలు ముక్క. గోధుమరంగు అక్షరాలు. నాకు చీమలబారులా కనిపించింది. పర్సిస్ భూతద్దం పట్టుకుని, ఇక్కడిదాకా ఒక ముసలాయన రాశాడు ఆంటీ, చెయ్యి వణుకుతోంది చూడండి, ఇక్కడ్నుంచి ఇంకెవరో అందుకున్నారు, ఈయన కలం కొంచెం వాల్చి పట్టుకుంటాడు అని చెప్పుకుపోయింది. తొమ్మిది వందల ఏళ్ళ క్రితం ఎవడు కలం ఎలా పట్టుకున్నాడో చెబుతోంది పిల్ల. నేను రక్తం చుక్క చూసి మనిషి సంగతి చెప్పినట్టే కదా అనిపించి గర్వపడ్డాను.

అందరికన్నా ఆమెకి ఇష్టమైనవి తప్పులు. ఒక సన్యాసి ఒక వరస వదిలేస్తే, అతని కాపీ చూసి రాసినవాళ్ళందరూ ఆ వరస వదిలేస్తారు. ఆ తప్పుల్ని బట్టే ఎవరు ఎవర్ని చూసి రాశారో తెలుస్తుందట. "తప్పు చేయనివాడితో నాకు ప్రాబ్లమ్ ఆంటీ. వాడెవడో కనుక్కోలేను" అంది ఆ రోజు.

దేవకుమార్‌కి కూడా చూసి రాసే అలవాటు ఉండేది. ఆయన తండ్రి పరంజ్యోతి అయ్యగారు నర్సాపురం దగ్గర పల్లెల్లో పాస్టరు. అయ్యగారు ప్రసంగాలన్నీ ముందే నోట్‌బుక్కుల్లో రాసుకునేవాడట. ఒక్కో నోట్‌బుక్కులో ఒక్కటే ప్రసంగం. ఆ రోజుల్లో ప్రసంగం అంటే గంటన్నర, జనం కూడా కూర్చునేవాళ్ళు, ఇప్పుడు ముప్పావుగంట దాటితే మా వాళ్ళు పార్కింగ్ లాట్ వైపు చూస్తారు. అయ్యగారు పంతొమ్మిది వందల డెబ్భై తొమ్మిదిలో పోయాక ఆ నోట్‌బుక్కులు ఒక రేకుపెట్టెలో మిగిలాయి. దేవకుమార్ ఆ పెట్టెని అలాగే అమెరికా తెచ్చుకున్నాడు. అప్పటికే చెదలు సగం భోంచేశాయి. పట్టుకుంటే పొడి రాలేది. అందుకని శనివారాలు భోజనాల బల్ల దగ్గర కూర్చుని, నలుపూ తెలుపూ అట్టల స్కూలు నోట్‌బుక్కుల్లోకి ఒక్కోటీ తిరగరాయడం మొదలుపెట్టాడు. ఏళ్ళ తరబడి రాశాడు. పక్కనే పర్సిస్‌ని కూర్చోబెట్టుకుని ఆ నోట్‌బుక్కుల మీదే తెలుగు అక్షరాలు దిద్దించాడు. ఆ పిల్లకి తెలుగు అంటే తండ్రి చేతిరాతే.

తర్వాత ఒక వానాకాలం వాళ్ళ బేస్‌మెంట్‌లో నీళ్ళు తోడే పంపు ఆగిపోయింది. మోకాలిలోతు నీళ్ళు. రేకుపెట్టె అడుగునే ఉంది. తెరిచి చూస్తే ముద్ద. దేవకుమార్ తిరగరాసినవి మాత్రం పైన అల్మారాలో ఉండి బతికాయి.

ఐదేళ్ళ క్రితం దేవకుమార్‌కి మతిమరుపు జబ్బు వచ్చింది. ముందు ఇంగ్లీషు పోయింది. ముప్ఫై ఏళ్ళు బ్యాంకులో ప్రోగ్రాములు రాసిన మనిషి గ్యాస్ స్టేషన్‌లో కుర్రాడికి తెలుగులో సమాధానం చెప్పాడు. తర్వాత చదవడం పోయింది, తర్వాత మనుషులు పోయారు. నాలుగేళ్ళు సలోమి ఆయన్ని ఇంట్లోనే పెట్టుకుని చూసింది. సలోమి అంటే దేవకుమార్ భార్య, పర్సిస్ తల్లి. చిన్నపిల్లల స్కూల్లో ఆయాగా ఇరవై ఏళ్ళు చేసింది. నోరు తక్కువ. పోయిన ఏడాది జనవరిలో దేవకుమార్ పోయాడు.

పర్సిస్ ఏడవలేదు. సమాధి కార్యక్రమానికి ఫ్యూనరల్ హోమ్ వాళ్ళతో మాట్లాడింది, పాటల వరస నాకు మెయిల్ చేసింది, మంచులో నిలబడి వచ్చినవాళ్ళందరికీ వందనాలు చెప్పింది, మూడో రోజు రైలెక్కి ఆఫీసుకి వెళ్ళింది. మా ఆడవాళ్ళు చెవులు కొరుక్కున్నారు. నాకు ఒళ్ళు మండి ఇద్దరిని గట్టిగానే అన్నాను. కానీ నెల తర్వాత కూడా అదే వాలకం. ఎదురుగా కూర్చుంటే ఉన్నట్టే ఉంటుంది, మాట్లాడితే జవాబు చెబుతుంది, అంతే. ఒకరోజు స్టేషన్‌కి దింపుతుంటే కారులో అడిగింది. "ఆంటీ, నాకేమీ అనిపించట్లేదు. ఐ కీప్ వెయిటింగ్. ఏడుపు రావాలి కదా? మమ్మీ కూడా ఏడవట్లేదు. ఇంట్లో మేమిద్దరం డిన్నర్ చేస్తాం, డిషెస్ చేస్తాం, పడుకుంటాం." టైము పడుతుందమ్మా అన్నాను. అందరూ అనేదే.

ఏడాది జ్ఞాపకార్థ కూడికకి అయ్యగారి ప్రసంగాలు పుస్తకంగా వేద్దామన్నది పాస్టరుగారి ఆలోచన. ఆ మాట విన్నప్పుడు పర్సిస్ మొహంలో మొదటిసారి కొంచెం కదలిక చూశాను. నాన్నకి నేను చేయగలిగింది ఇదొక్కటే ఆంటీ, నాకు వచ్చిన పని కూడా ఇదొక్కటే, కాబట్టి ఇది కరెక్ట్‌గా చేయాలి అంది. తాతగారు అన్న ప్రతి మాటా ఉండాలి, ఆయన అనని మాట ఒక్కటి కూడా ఉండకూడదు. అది తనకి తాను పెట్టుకున్న షరతు. ఆ పుస్తకం సరిగ్గా వస్తే తనలో ఏదో కదులుతుందని ఆశ పెట్టుకుందని నాకు అర్థమైంది. నేను టైపు చేస్తానన్నాను.

సలోమి నోట్‌బుక్కులు ఒక బట్టల షాపు సంచిలో పెట్టి మా ఇంటికి తనే తెచ్చి ఇచ్చింది. "పదకొండు ఉన్నాయి మణీ" అంది. టీ తాగి, వెళ్తూ గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటూ, పదకొండూ వేస్తారు కదా అని అడిగింది. వేయక ఏం చేస్తాం అన్నాను.

ఆ ఆకురాలే కాలం శనివారాలు మా భోజనాల బల్ల మీద పని జరిగింది. పర్సిస్ చదివేది, నేను టైపు చేసేదాన్ని. చదవడమంటే మామూలు చదవడం కాదు. దేవకుమార్ ఎక్కడ మాట మింగాడు, ఎక్కడ రెండుసార్లు రాశాడు, ఎక్కడ చెద తిన్నచోట చుక్కలు పెట్టి వదిలేశాడు అన్నీ పెన్సిల్‌తో గుర్తు పెట్టుకునేది. ఏడు నోట్‌బుక్కులు అలా అయ్యాయి. అయ్యగారి భాష గంభీరం. ఒక్కో వాక్యం అరపేజీ. గోదావరి వరదలు, పడవలు, కోర్టు వ్యాజ్యాలు, పొలాల గట్లు. చదువుతుంటే నాకు మా నాన్న గుర్తొచ్చి రెండుసార్లు లేచి వంటింట్లోకి వెళ్ళాను. పర్సిస్ మాత్రం కదలకుండా కూర్చుని పెన్సిల్ చెక్కుకునేది.

ఎనిమిదోది తెరిచిన రోజు, రెండో పేజీలోనే ఆగిపోయింది. "ఇది నాన్న హ్యాండ్ కాదు" అంది.

నాకు తేడా కనిపించలేదు. అదే నీలం ఇంకు, అంచుకి అదే ఖాళీ, గుండ్రటి అక్షరాలే. పర్సిస్ చూపించింది. నాన్న అక్షరం పూర్తిచేసి పక్క అక్షరానికి వెళ్తారు. ఈ మనిషి పదం మొత్తం రాసేసి, మళ్ళీ వెనక్కి వచ్చి వత్తులన్నీ ఒకేసారి పెడతారు, అందుకే ప్రతి వత్తూ కొంచెం కుడిపక్కకి జరిగి ఉంది. చూసి రాసిందీ కాదు. చూసి రాసేవాళ్ళు చేసే తప్పులు ఒక్కటీ లేవు. వాక్యం మధ్యలో కొట్టేసి వేరే మాట పెట్టారు, అంటే అప్పటికప్పుడు ఆలోచించి రాశారు. ఇలా చెప్పుకుపోతుంటే తన గొంతులో ఆ లైబ్రరీలో విన్న హుషారు వచ్చింది. దాదాపు ఏడాది తర్వాత ఆ గొంతు విన్నానని నేను సంతోషపడ్డాను కూడా.

ఆ ప్రసంగం ఉప్పు గురించి. ముందు బియ్యం కడగడం, కూరలో ఉప్పు మరిచిపోయిన రోజు ఇంట్లో అందరి మొహాలూ ఎలా ఉంటాయి, ఇలా వంటింటి సంగతులు. తర్వాత ఒకచోట, దారి మీద ఉప్పు చల్లితే మంచు గట్టిపడదు, వెనక వచ్చేవాడు జారిపడడు, ఆ ఉప్పుని ఎవరూ రుచి చూడరు, తొక్కుకుంటూ పోతారు అని ఉంది. పర్సిస్ అక్కడ వేలు పెట్టి నా వైపు చూసింది. నర్సాపురం అయ్యగారు రోడ్ల మీద ఉప్పు చల్లడం ఎక్కడ చూశాడు? ఇది రాసిన మనిషి మన ఇల్లినాయ్‌లో ఉన్నారు. ఇక అనుమానమే లేదు, దొంగ ప్రసంగం అని తేల్చేసింది.

ఎవరై ఉంటారు అని అడిగాను. దేవకుమార్‌కి ఒంట్లో బాగోలేనప్పుడు శనివారాలు వచ్చి కూర్చునే జాకబ్ అంకుల్ అయి ఉంటాడని ఆమె ఊహ. ఆయనకి ప్రసంగాలు చెప్పాలని సరదా ఉండేది, ఎవరూ అవకాశం ఇవ్వలేదు. ఇప్పుడు కొడుకు దగ్గర చాండ్లర్‌లో ఉంటున్నాడు. ఒక ఫోన్ చెయ్యి, లేకపోతే అమ్మని అడుగు అన్నాను. మమ్మీకి ఇవన్నీ తెలియవు ఆంటీ అంది. ఎవరు రాశారన్నది ముఖ్యం కాదు, తాతగారు కాదు అన్నదే ముఖ్యం అంది. తన పనిలో ఎవర్నీ అడిగే అలవాటు లేదు. అడగడానికి ఎవరూ మిగిలి ఉండరు కదా. కాగితం చెప్పిందే వినాలి. మిగతా మూడు నోట్‌బుక్కులు తిరగేసి, అదే చెయ్యి అని చూసి, చదవకుండానే పక్కన పెట్టేసింది. వాటి అట్టల మీద చిన్న కాగితాలు అంటించి ఏదో నంబరు వేసింది.

అక్కడితో ఆగినా బావుండేది. కానీ వదిలేసినవాటి గురించి ముందుమాటలో చెప్పాలట, అది నియమమట. దాచకూడదట. శుభ్రంగా నాలుగు వాక్యాలు రాసి ఇచ్చింది. నేను నా తెలుగు తెలివితేటలతో కొంచెం నగిషీ పెట్టాను. అచ్చులో ఇలా పడింది: "దొరికిన పదకొండు నోట్‌బుక్కులలో చివరి నాలుగు అయ్యగారివి కావు. ఎవరో ఆయనను అనుకరించి రాసినవి. భాష సాదాసీదాగా ఉన్నది, ఆలోచనలో లోతు లేదు. కావున వానిని ఈ సంపుటిలో చేర్చలేదు." ఆ "కావున వానిని" నాదే. రాసి మురిసిపోయాను.

పుస్తకం విజయవాడలో అచ్చయింది. రెండు వందల కాపీలు సెలవులకి వెళ్ళొచ్చిన రెండు కుటుంబాల సూట్‌కేసుల్లో పచ్చళ్ళతోపాటు దిగాయి. సలోమికి ముందే ఒకటి ఇద్దామంటే, కూడిక రోజే స్టేజి మీద ఇద్దాం, సర్‌ప్రైజ్‌గా ఉంటుందని పర్సిస్ అంది.

మా సంఘానికి సొంత భవనం లేదు. ఒక అమెరికన్ చర్చిలో ఆదివారం పన్నెండు నుంచి మూడు దాకా అద్దె. మూడింటికి స్పానిష్ సంఘం వాళ్ళు వస్తారు, ఆలోపు పాత్రలతో సహా ఖాళీ చేయాలి. ఆ రోజు ప్రసంగం అయ్యాక పాస్టరుగారు ప్రార్థన చేసి పుస్తకాన్ని ఆవిష్కరించారు. మొదటి కాపీ సలోమి చేతికిచ్చారు. ఆమె వెళ్ళి ముందు వరసలో కూర్చుంది. పర్సిస్ మైకు ముందు నిలబడి, తాతగారి మాటలు ఎలా బతికాయో, ఒకరి ఓపిక వల్ల ఒక పుస్తకం ఎలా బతుకుతుందో వచ్చీరాని తెలుగులో చక్కగా మాట్లాడింది. నేను సలోమిని చూస్తున్నాను. వెనక్కి తిప్పి విషయసూచిక చూసింది. వేలితో లెక్కపెట్టింది. తర్వాత ముందుమాట తీసింది. కానుకల పాట మొదలైంది. అందరూ లేచి నిలబడ్డారు, ఆమె కూర్చునే చదివింది. చదివి పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకుంది. మొహంలో ఏమీ లేదు. నాకప్పటికీ ఏమీ తట్టలేదు. నా తెలివి అలాంటిది.

భోజనాలకి ముందు పాస్టరుగారు, చర్చి అల్మారాలో పెట్టే కాపీ మీద అమ్మగారు ఒక మాట రాసివ్వాలన్నారు. సలోమి వద్దంది. ఆయన వదలకుండా పెన్ను చేతిలో పెట్టారు. పక్కనే పర్సిస్, ఆ పక్కన నేను. సలోమి వంగి నెమ్మదిగా "నా భర్త దేవకుమార్ జ్ఞాపకార్థం" అని రాసింది. ఒక్కో పదం మొత్తం రాసేసి, వెనక్కి వచ్చి, వత్తులు పెట్టింది.

నేను పర్సిస్‌ని చూశాను, ఆమె ఆ కాగితాన్ని చూస్తోంది. ముప్ఫై మూడేళ్ళలో ఆ పిల్ల తల్లి తెలుగు రాత చూడలేదు. సరుకుల చీటీ ఇంగ్లీషులో ఉండేది. పుట్టినరోజు కార్డు మీద లవ్, మమ్మీ అని ఉండేది. ఫోన్లో వచ్చేవన్నీ వాయిస్ మెసేజీలు. స్కూలు ఫారాలన్నీ నాన్నే నింపేవాడు. ఏనాటి సన్యాసినో చెయ్యి చూసి పట్టుకోగలిగింది గానీ, తన ఇంట్లో ఉన్న చెయ్యి ఆమెకి తెలియదు. ముప్ఫై ఏళ్ళ స్నేహితురాలిని, నాకూ తెలియదు. నాకు అక్కడ నిలబడాలంటే సిగ్గేసింది.

ప్రేమవిందు అయ్యాక వంటింట్లో మేము ముగ్గురమే మిగిలాం. సలోమి మిగిలిన బిర్యానీ ఒకే ట్రేలోకి సర్దుతోంది. పర్సిస్ వెళ్ళి ఎదురుగా నిలబడింది.

"మమ్మీ, ఆ ఫోర్ నోట్‌బుక్స్ నువ్వు రాశావా?"

"ఎవరు చెప్పారు?"

"నీ హ్యాండ్‌రైటింగ్."

సలోమి నిజంగానే ఆశ్చర్యపోయింది. "నా రాత నువ్వెప్పుడు చూశావు?" అంది.

తర్వాత గరిట ఆపకుండానే చెప్పింది. జబ్బు ముదిరాక దేవకుమార్ రోజూ సాయంత్రం ఐదింటికి, పర్సిస్ ఇంకా రైల్లో ఉండే వేళ, సోఫాలో కూర్చుని నాన్న ప్రసంగం చదవమనేవాడట. ఏడూ చదివేది. అయిపోయాక, ఇంకా ఉన్నాయి, పెట్టెలో ఇంకా ఉన్నాయి, తీసుకురా అని పట్టుబట్టేవాడు. పెట్టె నీళ్ళలో పోయిన సంగతి ఆయనకి గుర్తులేదు. చెబితే అప్పుడే పోయినట్టు ఏడ్చేవాడు. మర్నాడు మళ్ళీ అడిగేవాడు, మళ్ళీ చెప్పాలి, మళ్ళీ ఏడవాలి. కొన్నాళ్ళకి ఆమె చెప్పడం మానేసింది. ఆయన మధ్యాహ్నం పడుకున్నప్పుడు కూర్చుని రాసింది. ఉట్టినే చెబితే నమ్మేవాడు కాదు, నోట్‌బుక్కు చేత్తో తడిమి చూసుకునేవాడు. అందుకని అదే రకం నోట్‌బుక్కులో, అంచుకి అదే ఖాళీ వదిలి రాసింది. సలోమి తల్లి ఆ కాలంలో ఇంటింటికీ తిరిగి ఆడవాళ్ళకి వాక్యం చెప్పేదని నాకెప్పుడో చెప్పింది. మా సంఘంలో ఆడవాళ్ళు ప్రకటనలు చదవొచ్చు, పాటలు పాడొచ్చు, అంతే, ప్రసంగం మగవాళ్ళదే. ఆమె ఎప్పుడూ ఏమీ అడగలేదు.

పర్సిస్ గోడకి ఆనుకుంది. సెకండ్ ప్రింట్ వేద్దాం మమ్మీ, నీ పేరుతో వేద్దాం, నేను ప్రిఫేస్ మార్చేస్తాను అంటూ ఏవేవో చెప్పింది. సలోమి వద్దన్నట్టు తల ఊపింది.

"నా పేరెందుకమ్మా. మామయ్యగారి పేరు మీదే పడితే చాలనుకున్నా. ఒక్కసారి అచ్చులో చూసుకుందామని."

బయట హాల్లో ఎవరో కుర్చీలు మడుస్తున్నారు. సలోమి ఎంత అరిచినా, ఏ మాట అన్నా మేమిద్దరం పడి ఉండేవాళ్ళం. ఆమె అరవలేదు. ఫాయిల్ చింపి ట్రే మీద కప్పుతూ, ఏదో కూర గురించి అడిగినట్టు అడిగింది.

"నాలుగూ బాగోలేవా? మూడోది కూడానా? అది మీ నాన్న మళ్ళీ మళ్ళీ చదివించుకున్నారు."

పర్సిస్ అబద్ధం చెప్పొచ్చు. నేనైతే చెప్పేదాన్ని. బాగుంది అత్యద్భుతంగా ఉంది అని కౌగిలించుకుని ఏడ్చేదాన్ని. ఆ పిల్ల కళ్ళలో అప్పటికీ నీళ్ళు లేవు. తల్లి మొహంలోకి చూసింది.

"మూడోది నేను చదవలేదు మమ్మీ" అంది.

సలోమి ఫాయిల్ అంచులు చుట్టూ నొక్కింది. గడియారం మూడుకి పది నిమిషాలు తక్కువ చూపిస్తోంది. స్పానిష్ వాళ్ళ పిల్లలు అప్పుడే తలుపు దగ్గర తొంగి చూస్తున్నారు.

"ఆ చివర పట్టుకో, కారులో పెడదాం" అంది.